నాలుగు పనుల పెట్టె

“పదైదు వేలుంది సామీ, దానికొచ్చే ల్యాప్‌టాప్ ఏదన్నా ఉంటే చూసిపెట్టు” అంది మా ఇంట్లో పనిచేసే కదిరి ఆమె, గిన్నెలు బోర్లిస్తూ. కూతురు డిగ్రీలో చేరింది, బీకామ్ మొదటి ఏడు. అడ్మిషన్ ఫారం ఆన్‌లైన్లో, స్కాలర్‌షిప్ ఫారం ఆన్‌లైన్లో, పరీక్ష ఫీజు ఆన్‌లైన్లో. వర్తూరు మెయిన్ రోడ్డులో జిరాక్సు అంగడికి పోతే ఫారానికి వంద తీసుకుంటాడు, పేరులో ఒక అక్షరం తప్పు పడితే దిద్దడానికి మళ్ళీ యాభై. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది మేస్త్రీ పనికి పోయే తండ్రి జేబులో ఉంటుంది.

మనవడున్నాడు కదా, ఐటీపీఎల్ వైపు కంపెనీలో పొద్దస్తమానం కంప్యూటర్ల ముందే కూర్చుంటాడు కదా అని వాణ్ణి అడిగాను. చేతిలో ఫోను మీంచి తల ఎత్తకుండానే, “పదిహేను వేలకి ల్యాప్‌టాప్ ఏంటి తాతా! మంచి ఫోన్ కొనుక్కోమను. ల్యాప్‌టాపే కావాలంటే అరవై అన్నా పెట్టాలి” అన్నాడు. నా పెళ్ళికి మా నాయన పెట్టిన ఖర్చంతా కలిపినా అందులో పదో వంతు లేదు. ఆ అరవై అన్న మాట వాడి నోట్లోంచి బఠానీ గింజ రాలినంత తేలిగ్గా రాలింది.

అబ్బాయ్, ఇది చదువుతున్న నువ్వూ ఆ మాటే అనుంటావు. నీదీ ఆ వయసే, నీ చేతిలోనూ ఆ ఫోనే. కాసేపు దాన్ని పక్కన పెట్టి విను.

మా రోజుల్లో వస్తువు కొనబోయేవాడికి తన పనేమిటో తెలిసేది. అమ్మేవాడికి తన వస్తువు ఎంతవరకు వస్తుందో తెలిసేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, టీ తెప్పించుకుని, అరగంట మాట్లాడుకున్నాక బేరం మొదలయ్యేది. నేను పెనుకొండ రెవెన్యూ డివిజనల్ ఆఫీసులో టైపిస్టుగా చేరినవాణ్ణి. చేరకముందు హిందూపురం ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు లోయరు, హయ్యరు, తెలుగు లోయరు పాసయ్యాను. మాస్టారు మా చేతుల మీద తువ్వాలు కప్పేవాడు, కీలు కనబడకూడదని. ఆ తువ్వాలు కింద వేళ్ళు తడుముకుంటూ తడుముకుంటూ ఏ, ఎస్, డి, ఎఫ్ కొట్టాలి. చెయ్యి కుదరడానికి నెలలు పట్టేది. పట్టనీ అనుకునేవాళ్ళం, ఎవరికీ తొందర లేదు.

1978లో ఒక ప్లీడరు దగ్గర పాత రెమింగ్టన్ పోర్టబుల్ మిషను కొన్నాను. దానికొక పెట్టె, పెట్టెకొక పిడి, పట్టుకుని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. మీరు వీపున తగిలించుకుని తిరిగే ల్యాప్‌టాప్‌కి అదే తాత. రిబ్బను ఆరిపోతే రిబ్బను మార్చేవాణ్ణి. అక్షరాల కడ్డీ ఇరుక్కుంటే కిరసనాయిలు గుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి. ఊళ్ళో పెద్దపెద్ద అర్జీలన్నీ ఆ మిషను మీదే పుట్టాయి. ముప్పై ఏళ్ళ తర్వాత రిబ్బను దొరక్క అటకెక్కింది గానీ, చెడిపోయి కాదు. ఇప్పటికీ నూనె చుక్క వేస్తే కదులుతుంది.

ఇప్పుడు చవక ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి దాని కడుపు విప్పి చూడు. ర్యామ్ బోర్డుకే అతికించేశారు. సామాను దాచుకునే చోటు, అదే ఈఎంఎంసీ అంటారు, అదీ బోర్డుకే అతుకు. చాలామటుకు బ్యాటరీ కూడా లోపలే. ఒకటి పాడైతే మొత్తం పోయినట్టే. వస్తువు చవగ్గా ఉండాలంటే కొన్ని తగ్గించాలి, అది నాకూ తెలుసు. గోడ పల్చగా కట్టావనుకో, నాలుగేళ్ళకి లావు చేసుకుంటా. పునాదే లేకుండా కట్టి అమ్మితే పేదవాడు ఏం చేసుకోవాలి?

ఈ బాధ నాకు ఇవాళ మొదలైంది కాదు. నువ్వు పాలు తాగే రోజుల్లో ఈ బెంగుళూరులోనే ఒక మంచి పని మొదలైంది, నీకు ఎవరూ చెప్పి ఉండరు. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అదే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ అని నలుగురు. వాళ్ళతో ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ. అందరూ కలిసి 1999లో ఒక ట్రస్టు పెట్టుకుని, 2001 ఏప్రిల్లో ఒక యంత్రాన్ని బయటపెట్టారు. పేరు సింప్యూటర్. అరచేతిలో పట్టేంత. కీబోర్డు లేదు, పుల్లతో తాకితే చాలు. చదువు రానివాడికి మన భాషల్లో చదివి వినిపించాలని తలపెట్టారు. అన్నిటికంటే నాకు నచ్చింది దాని కార్డు సంగతి. ఊరంతటికీ ఒకటే యంత్రం ఉన్నా చాలు, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్ళు పెట్టుకుంటే ఎవరి లెక్కలు వాళ్ళకి వస్తాయి. ధర తొమ్మిది వేల దగ్గర ఉండాలనుకున్నారు. ఆ వార్త నేను హిందూపురంలో పేపర్లో చదివి, కత్తిరించి డైరీలో దాచుకున్నాను. మా తాలూకాఫీసు మెట్ల మీద అర్జీ రాసేవాడి కోసం గంటలు గంటలు కూర్చునే ముసలివాళ్ళు గుర్తొచ్చారు. వీళ్ళ కోసం ఒకడు ఆలోచించాడు కదా అనిపించింది.

2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ‘అమిడా’ అనే పేరుతో అదే యంత్రాన్ని తయారుచేశారు. ధర 9,950 నుంచి మొదలు. చేతిలో పట్టుకుని కాస్త వంచితే పేజీ తిరిగేది. ఐఫోను రావడానికి ఇంకా మూడేళ్ళుంది అప్పటికి! కానీ అమ్ముడుపోయినవి కొన్ని వేలే. పల్లెవాడికి ఆ ధరే ఎక్కువ, సర్కారు చూస్తే పెద్ద ఎత్తున కొనలేదు, ఈలోపు సెల్‌ఫోన్లు కారుచవకైపోయాయి. అట్లా ముగిసింది. ముగిసిందని ఆ నలుగురినీ తప్పు పట్టను. వాడేది ఎవరు, వాడి పనేమిటి, వాడి దగ్గర ఎంతుంది అని ముందు అడిగి, ఆ తర్వాత యంత్రం గీసినవాళ్ళు వాళ్ళు. ఇప్పుడు ముందు యంత్రం చేస్తారు, తర్వాత దానికి నిన్ను వెతుక్కుంటారు.

తర్వాత మన తిరుపతిలోనే జరిగిన సంగతి. 2009 ఫిబ్రవరి 3న వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కేంద్రమంత్రి అర్జున్ సింగ్ వచ్చి పది డాలర్ల ల్యాప్‌టాప్ చూపిస్తారని దేశమంతా మోగింది. పది డాలర్లంటే అప్పట్లో ఐదు వందలు! తీరా చూస్తే అది ల్యాప్‌టాపే కాదు, పాఠాలు దాచుకునే పెట్టె. ఆ తర్వాత 2011 అక్టోబరులో ఆకాశ్ టాబ్లెట్టు. హైదరాబాదులో కూర్చి ఇచ్చారు, సర్కారుకి ఒక్కోటి దాదాపు 2,276 రూపాయలు పడింది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని తెర. ఏడాదికే ఆకాశ్-2 తెచ్చి దాన్ని దిద్దుకోవలసి వచ్చింది. పిల్లవాడికి పలక ఇస్తామన్నారు, మంచిదే. బలపం గీసుకోని పలక ఇస్తే వాడికి చదువు మీదే విసుగు పుడుతుంది. చవక అనే మాటకి చెడ్డపేరు తెచ్చింది ఇట్లాంటివే.

నేను హిందూపురం వదిలి కొడుకు దగ్గరికి వర్తూరు వచ్చింది ఆ 2009లోనే. అప్పటికి ఇక్కడ ఇంకా రాగి చేలు కనిపించేవి. సాయంత్రం చెరువు కట్ట మీద నడిస్తే గాలి వచ్చేది. తర్వాత ఆ చెరువుకి పట్టిన గతి ఊరూవాడా టీవీలో చూసింది, బెళ్ళందూరు నుంచి దిగిన మురికికి నురగ లేచి వర్తూరు కోడి కూడలి దగ్గర రోడ్డు మీదికి ఎగిరిపడేది, స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళు తెల్లగా అయిపోయేవాళ్ళు. రాగి చేను పోయి అపార్ట్‌మెంటు వచ్చింది, అపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్లు వచ్చాయి. ఈ కదిరి ఆమె ఉండేది అట్లాంటి షెడ్డులోనే, బళగెరె దారిలో.

ఆ 2009లో కొడుకు నాకొక చిన్న కంప్యూటరు కొనిచ్చాడు. నెట్‌బుక్ అనేవాళ్ళు. పది అంగుళాల తెర, ఒక జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. 2007లో ఏసుస్ వాళ్ళు ఈఈఈ పీసీ అని బుల్లి యంత్రం తెచ్చాక పుట్టిన జాతి అది. దాంట్లో పొద్దున్నే పేపరు చదివేవాణ్ణి, రైలు టికెట్టు తీసేవాణ్ణి, అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడేవాణ్ణి. మీభూమి వెబ్‌సైటు వచ్చాక మా మూడెకరాల అడంగలు కూడా అందులోనే చూసుకున్నాను. నాకు అంతకంటే ఏం కావాలి?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ యంత్రంలో గౌతమి ఫాంటులో తెలుగు అక్షరం కనబడిన రోజు నేను చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను. తెలుగు టైపు మిషను మీద ఒత్తులు పెట్టడానికి మేము పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. కొన్ని ఒత్తులకి మిషనులో చోటే లేదు, చేత్తో దిద్దేవాళ్ళం. ‘స్త్రీ’ అని కొట్టాలంటే వెనక్కీ ముందుకీ జరపాలి. కంప్యూటరులో స, త, ర మధ్య పొల్లు కొట్టి, చివర గుడిదీర్ఘం పెడితే అదే అల్లుకుంటుంది. అది మా రోజుల్లో లేదు, ఇప్పుడుంది, మంచిదే.

మరి ఆ నెట్‌బుక్కు ఎందుకు మూలపడింది? దానికేం జబ్బు చేయలేదు. వెబ్‌సైట్లు బలిశాయి. మా ఆఫీసుకి మొదట వచ్చిన కంప్యూటరులో ఫ్లాపీ ఉండేది, దాంట్లో 1.44 ఎంబీ పట్టేది, మండలం మొత్తం జాబితా ఒక ఫ్లాపీలో పెట్టుకుని జిల్లా కేంద్రానికి పోయేవాళ్ళం. ఇవాళ మామూలు వెబ్ పేజీ ఒక్కటి రెండు ఎంబీలు దాటుతుంది. అంటే ఒక్క పేజీ ఫ్లాపీలో పట్టదు! అందులో నువ్వు చదివే వార్త పది వాక్యాలు, మిగతాదంతా ప్రకటనలు, కదిలే బొమ్మలు, నిన్ను వెంబడించే లెక్కలు. వాళ్ళు పేజీలు బలిపిస్తూ పోతారు, మనం కొత్త యంత్రాలు కొంటూ పోవాలి. నేను చదివే పేపరు మాత్రం అదే పేపరు.

సరే, అమ్మాయి సంగతికొస్తాను. మారతహళ్ళి పక్క ఒక పెద్ద షోరూముకి పిల్లని తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు, “గేమింగా సార్, ఎడిటింగా?” అన్నాడు. “ఫారాలు నింపడానికి బాబూ” అన్నాను. ఆ మాటతో అతని చూపు మా వెనక నిలబడ్డవాళ్ళ మీదికి పోయింది. చివరికి పదిహేడు వేలది ఒకటి చూపించాడు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు. విండోస్ 11 తనకే కనీసం 4 జీబీ, 64 జీబీ కావాలంటుంది. ఇంటివాడే గది మొత్తం ఆక్రమించుకుంటే అద్దెకొచ్చినవాడు ఎక్కడ పడుకుంటాడు? ఆ మాట అడిగితే, “బేసిక్ యూజ్‌కి సరిపోతుంది సార్” అన్నాడు. బేసిక్ అంటే వీళ్ళ దృష్టిలో ఎట్లాగో సర్దుకుపొమ్మని.

మనవడు మళ్ళీ దూరాడు, “అయితే క్రోమ్‌బుక్ కొనమను, లేదా జియోబుక్.” ఆ రెండిటి గురించీ విచారించకపోలేదు. జియోబుక్ 2023 జూలైలో 16,499కి వచ్చింది, బరువు 990 గ్రాములే, సిమ్ కార్డు వేసుకోవచ్చు. వైఫై లేని షెడ్డుకి ఆ సిమ్ము సంగతి నిజంగా బాగుంది. క్రోమ్‌బుక్ కూడా తక్కువ ర్యామ్‌తో చక్కగా నడుస్తుంది. కాకపోతే ప్రతి మోడలుకీ అప్‌డేట్లు ఆగిపోయే తారీకు ఒకటి ముందే రాసిపెట్టి ఉంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడు ఆ తారీకు చూసుకోకపోతే మునిగినట్టే. పేపరు చదువుకునే నాబోటి వాడికి అవి చాలు. ఈ పిల్లకి చాలవు. ఎందుకో తెలుసా? ఆమె పనులు నేను ఒక కాగితం మీద రాసుకున్నాను, నాలుగే నాలుగు. ఫారాలు నింపడం, పాఠాలు వినడం, టైపు చేసుకోవడం, ట్యాలీ. ఆ నాలుగోది ఉంది చూడు, అది మొత్తం తేల్చేసింది. బీకామ్ చదివి ట్యాలీ రాకపోతే ఏ అంగడివాడూ లెక్కలు రాసుకోవడానికి కూర్చోబెట్టుకోడు. ట్యాలీ ఈ బెంగుళూరు కంపెనీదే, 1986 నుంచీ ఉంది, అది విండోస్ మీద నడిచే సరుకు. నేర్చుకునేవాళ్ళకి ఉచితంగా ఎడ్యుకేషన్ మోడ్ ఇస్తారు. అందులో నెలలో మూడు తారీకులకి మించి పద్దు వేయనివ్వదు. నేర్చుకోవడానికి ఆ మూడు రోజులు ధారాళం.

అడిగావా నువ్వు, పనేమిటని? మనవడు అడిగాడా? షోరూము కుర్రాడు అడిగాడా? కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తే తేలిపోయే వ్యవహారం ఇది.

ఇక మిగిలింది ఎస్.పి. రోడ్డు. సాదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తి పేరు, టౌన్‌హాలుకి దగ్గర్లో, వైరు ముక్క దగ్గర్నుంచి సర్వరు దాకా దొరుకుతుంది. ఇదివరకు వర్తూరు కోడి దగ్గర బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చుని, హెచ్.ఏ.ఎల్. దాటేటప్పుడు విమానాలు చూస్తూ, మెజెస్టిక్ చేరేలోపు ఒక కునుకు తీసేవాణ్ణి. ఇప్పుడు హోప్ ఫార్మ్ దగ్గర మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగాం. త్వరగానే చేరాం, అబద్ధమాడను. దార్లో ఒక్కడూ ఒక్కడితో మాట్లాడలేదు.

ఎస్.పి. రోడ్డులో దొరికే పాత ల్యాప్‌టాపులు ఎక్కడివనుకున్నావు? మీవే. వైట్‌ఫీల్డు, మారతహళ్ళి వైపు కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలించుకున్నవి. ఆఫీసు కోసం చేసిన యంత్రాలు కాబట్టి గట్టివి. కీలు లోతుగా దిగుతాయి, మడత బందులు ఇనుముతో చేసినట్టుంటాయి, వెనక రేకు నాలుగు మరలు విప్పితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకోవచ్చు. నా రెమింగ్టన్ రక్తం కాస్త మిగిలిన జాతి అదే. చూసుకోవలసింది ప్రాసెసరు నంబరు. ఐ5 పక్కన వచ్చే అంకె 8తో గానీ, అంతకంటే పైదానితో గానీ మొదలవ్వాలి, అంటే ఎనిమిదో తరం. అంతకు ముందువాటిని విండోస్ 11 ఒప్పుకోదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో నూకలు చెల్లాయి. భేషుగ్గా పనిచేసే యంత్రాలని ఒక్క తారీకుతో ముసలివాటిని చేశారు, అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడో అంగడిలో కుదిరింది. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, పద్నాలుగు అంగుళాల తెర. అంగడాయన నా వయసువాడే, స్టూలు వేసి టీ తెప్పించాడు. ఆ స్టూలు మీద కూర్చుని పిల్లచేత ఒక్కొక్క కీ నొక్కించాను, ఒక్కటీ వదలకుండా. తెర నిండా తెల్లకాగితం తెరిచి మచ్చలు చూశాం. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అని యంత్రమే రిపోర్టు ఇస్తుంది, అది తీయించాను. పాత కంపెనీ వేసిన బయోస్ పాస్‌వర్డు ఏదన్నా మిగిలి ఉందేమో ఆపి, మళ్ళీ వేసి చూశాం. ఆరునెలల వారంటీ బిల్లు మీద రాయించాను. పదిహేడున్నర చెప్పాడు, పదిహేను వేల ఐదు వందలకి తెగింది. ఆ ఐదు వందలు నేనిచ్చాను. మరుసటి నెల జీతం తీసుకున్న రోజున వాళ్ళమ్మ ఐదు వందల నోటు తెచ్చి దేవుడి పటం ముందు పెట్టి వెళ్ళింది. వద్దన్నా వినలేదు.

ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల మా ఇంటికొస్తుంది, వైఫై కోసం. మొదటిరోజు టైపు చేస్తుంటే చూశాను, రెండు వేళ్ళతో, కోడి గింజలు ఏరుకున్నట్టు. మీరందరూ అంతే, పది వేళ్ళుండి రెంటితో బతుకుతారు. తువ్వాలు తెచ్చి చేతుల మీద కప్పాను. “కనపడ్డంలేదు తాతా!” అంది. కనబడకూడదనే కదమ్మా కప్పింది అన్నాను.

ఇంకో సంగతి తెలిసింది. ఆ పిల్లకి తెలుగు మాట్లాడటమే గానీ రాయడం, చదవడం రాదు. వర్తూరు సర్కారు బడిలో కన్నడం చదువుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. నాకు దిగులేసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్‌స్క్రిప్ట్ అని 1980ల్లో ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ వాళ్ళు వేసిన కీల వరస ఒకటుంది. మన భాషలన్నిటికీ ఒకటే వరస. ఎడమ చేతి కింద గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు. కన్నడ ‘క’ ఏ కీ మీద ఉందో తెలుగు ‘క’ ఆ కీ మీదే ఉంటుంది. ముందు కన్నడంలో వేళ్ళు కుదిర్చాను, మూడు వారాలు పట్టింది. పట్టనీ.

మొన్న భాష మార్చి తెలుగు పెట్టి, తువ్వాలు సరిగ్గా కప్పి, మీ ఊరి పేరు కొట్టు అన్నాను. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు, ఎడమ చూపుడు వేలు, కుడి చూపుడు వేలు, మళ్ళీ ఎడమ చూపుడు వేలు. ఐదు దెబ్బలు. తెర మీద ‘కదిరి’ అని పడింది. పిల్ల తువ్వాలు తీసేసి తెరకి దగ్గరగా వంగి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూసింది. “ఇది క, ఇది ది... కన్నడం మాదిరే ఉంది కదా తాతా” అంది.

“మాదిరే ఉంటుంది. తువ్వాలు కప్పు, మళ్ళీ కొట్టు” అన్నాను.